క్రియేటివ్ రైటింగ్‌లో ఎం.ఏ. చేస్తే తెలుగు కథకు మేలు జరుగుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయాన్ని అడిగాయి. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ మూడింటికే కేటాయిస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజమహేంద్రవరం. ఇంజినీరింగ్ చదివి హైదరాబాదులో నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇంతవరకు నావి ఏడు కథలు తెలుగు పత్రికల్లో అచ్చయ్యాయి. వాటిలో రెండింటిని నేనే ఇంగ్లీషులోకి మార్చి పంపితే, ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయం క్రియేటివ్ రైటింగ్ ఎం.ఏ.లో సీటు ఇచ్చింది. స్కాలర్‌షిప్ మాత్రం రాలేదు. మాకున్న రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మి పంపుతానని నాన్నగారు అంటున్నారు. రాయడం ఒకరు నేర్పితే వచ్చేది కాదని మా బంధువులు, ఒకరిద్దరు పెద్ద రచయితలు కూడా అంటున్నారు. నేను రాయదలచుకున్నది తెలుగులోనే. వెళ్లమంటారా?

సమాధానం: ముందు మీ బంధువుల మాట తీసుకుంటాను. ఇరవై ఏళ్ల క్రితం నేను ఇదే చదువుకు ఇంగ్లండు బయలుదేరినప్పుడు మా ఇంట్లోనూ అదే మాట వినిపించింది. రాయడం నేర్పితే వచ్చేది కాదన్న అభిప్రాయం మన సంప్రదాయంలోనిదని చాలామంది అనుకుంటారు. కానీ పదకొండో శతాబ్దపు ఆలంకారికుడు మమ్మటుడు కావ్యం పుట్టడానికి కారణం చెబుతూ, పుట్టుకతో వచ్చే శక్తిని, లోకాన్నీ శాస్త్రాలనూ కావ్యాలనూ పరిశీలించడంవల్ల అబ్బే నైపుణ్యాన్ని చెప్పి ఊరుకోలేదు. ‘కావ్యజ్ఞశిక్షయాభ్యాసః’ అని మూడోది కూడా చేర్చాడు. కావ్యం తెలిసినవారి శిక్షణలో చేసే అభ్యాసమని దాని అర్థం. ఈ మూడూ విడివిడిగా మూడు కారణాలు కావనీ, మూడూ కలిస్తేనే కారణమవుతుందనీ కూడా ఆయనే స్పష్టం చేశాడు. అవధానులు శిష్యులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, సమస్యలిచ్చి, పద్యాలు కట్టించి, తప్పులు దిద్దిన నేల మనది. సంగీతానికి గురువు అవసరమని ఒప్పుకునేవారు కథ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఒప్పుకోరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీ విషయంలో తేలవలసినది ఎవరు, ఏ భాషలో, దేన్ని నేర్పగలరన్నది.

ఈ చదువు అమెరికాలో పుట్టింది. ఉన్నత పట్టాకు పరిశోధన గ్రంథానికి బదులు సృజనాత్మక రచన సమర్పించవచ్చని అయోవా విశ్వవిద్యాలయం 1922లోనే అంగీకరించింది. అక్కడి రైటర్స్ వర్క్‌షాప్ 1936లో ఏర్పడింది. ఇంగ్లండులో నారిచ్ నగరంలోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో 1970లో నవలా రచయితలు మాల్కమ్ బ్రాడ్‌బరీ, ఆంగస్ విల్సన్ ఎం.ఏ. మొదలుపెట్టినప్పుడు తొలి విద్యార్థిగా చేరినవారు, తరువాత ప్రసిద్ధ నవలా రచయిత అయిన ఇయన్ మెక్‌యువన్. మరో పదేళ్లకు అదే చోట చదివిన కజువో ఇషిగురో 2017లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మీ చేతికి వచ్చిన కరపత్రాల్లో ఇలాంటి పేర్లు చాలా ఉండే ఉంటాయి, అవన్నీ నిజమే. అయితే ఇషిగురో ఐదో ఏట జపాన్ నుంచి వచ్చి ఇంగ్లండులోనే పెరిగినవారనీ, ఆయన రాసినది ఇంగ్లీషులోనేననీ గుర్తుంచుకుని ఆ కరపత్రాన్ని చదవండి.

ఇంగ్లండులో ఇది ఒక ఏడాది చదువు. వారానికొక వర్క్‌షాపు, సాహిత్యంలో ఒకటి రెండు పాఠ్యాంశాలు, చివర వేసవిలో చాలాచోట్ల సుమారు 15,000 మాటల సొంత రచన ఉంటాయి. వర్క్‌షాపు అంటే పది పన్నెండుమంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ వారం ఎవరి వంతైతే వారు ముందే తమ రచనను అందరికీ పంపి ఉంటారు, అందరూ చదివి అంచుల్లో వ్యాఖ్యలు రాసుకుని వస్తారు. చర్చ జరుగుతున్నంతసేపూ రాసినవారు నోరు విప్పకూడదన్నది పాత ఆచారం. మన అనుభవాన్ని మనమే దగ్గరుండి వివరిస్తే తప్ప నిలబడని కథ ఏదో, కాగితం మీద తనంతట తాను నిలబడే కథ ఏదో ఆ మౌనంలో తెలిసివస్తుంది. కొన్నేళ్లుగా ఈ ఆచారంపై గట్టి విమర్శలు వచ్చాయి. తాము చదివిన వర్క్‌షాపులో తెల్లవారి జీవితమే సహజమైనదిగానూ, మిగిలినవారి జీవితం వివరణ ఇచ్చుకోవలసినదిగానూ ఉండేదని అమెరికన్ రచయిత జూనో డియాజ్ 2014లో న్యూయార్కర్ పత్రికలో రాసిన వ్యాసం పెద్ద చర్చకు దారితీసింది. ఇప్పుడు చాలాచోట్ల చర్చకు ముందే రాసినవారు తమకు ఏ విషయంలో సాయం కావాలో చెప్పుకోనిస్తున్నారు. ఇది మంచి మార్పు.

నా అనుభవం ఒకటి చెబితే నా సలహా ఎక్కడినుంచి వస్తున్నదో మీకు తెలుస్తుంది. రెండో నెలలో నేను ఒక కథ ఇచ్చాను. భర్తను ముప్పై ఏళ్లు ‘ఏమండీ, మీరు’ అని పిలిచిన ఒక ఇల్లాలు, అతను మంచాన పడ్డాక ఒక రాత్రి మందు తాగిస్తూ, తనకు తెలియకుండానే ‘కొంచెం నోరు తెరు, నువ్వు’ అంటుంది. ఇద్దరికీ ఆ మాట వినబడుతుంది. కథంతా ఆ ఒక్క మాటమీద నిలబడింది. ఇంగ్లీషులో మీరుకూ నువ్వుకూ ఉన్నది ఒకే మాట. పదకొండుమంది దాదాపు నలభై నిమిషాలు ఎంతో శ్రద్ధగా, ఎంతో ఆదరంగా చర్చించారు. ఆ స్త్రీకి భర్తమీద కోపం ఉందా అని అడిగారు, అతను చనిపోతాడా అని అడిగారు. కథ జరిగిన చోటు మాత్రం ఎవరికీ కనిపించలేదు, కనిపించే దారి కూడా నా అనువాదంలో లేదు. ఆ సాయంత్రం గదికి నడిచి వెళుతూ నేను పడిన దుఃఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అయితే ఆ చర్చలోనే ఒక అబ్బాయి, మొదటి రెండు పేజీలు తీసేసినా ఏమీ పోదనీ, కథ మూడో పేజీలో మందుసీసా మూత తీసినప్పుడు మొదలైందనీ అన్నాడు. అది అక్షరాలా నిజం. పెళ్లినాటి సంగతులన్నీ నేను కథకు ముందు గొంతు సవరించుకోవడానికి రాసుకున్నవే. ఆ రెండు పేజీలు తెలుగు ప్రతిలోనూ కొట్టేశాను, కథ బాగుపడింది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారికి నా కథ కట్టడం కనిపించింది, నా కథ గొంతు వినబడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి కళ్లతో చూపాలి, ఏది చెప్పకుండా వదలాలి అన్నవి ఏ భాషవారైనా నేర్పగలరు. గోదావరి లంకలో ఒక పెద్దావిడ కోడలిని ‘అమ్మాయ్’ అని పిలిచినప్పుడు అందులో ప్రేమ ఉందా, అధికారం ఉందా అన్నది మాత్రం తెలుగు చెవే పట్టుకోవాలి. తెలుగులో రాయదలచిన మీకు ఆ చదువు ఇచ్చేది సగమే.

బ్రాడ్‌బరీ పేరు మన పొరుగు భాష చరిత్రలో కూడా ఉంది. కన్నడ రచయిత యు.ఆర్. అనంతమూర్తి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యంలో పీహెచ్.డీ. చేస్తున్న రోజుల్లో బ్రాడ్‌బరీ ఆయనకు అక్కడ గురువు. ఇద్దరూ కలిసి బెర్గ్‌మన్ తీసిన, మధ్యయుగాలనాటి కథ ఉన్న ఒక స్వీడిష్ చిత్రం చూశాక, యూరపువారు ఆ కాలాన్ని పుస్తకాలనుంచి ఊహించుకోవాలి గానీ మా ఊళ్లో అది ఇప్పటికీ బతికే ఉందని అనంతమూర్తి అన్నారట, అయితే దాన్నే రాయమని గురువు ప్రోత్సహించారట. 1965లో వెలువడిన ‘సంస్కార’ నవల అలా పుట్టిందని ఆయనే పలుమార్లు చెప్పుకున్నారు. ఆయన దాన్ని బర్మింగ్‌హామ్‌లో కూర్చుని కన్నడంలో రాశారు. దూరం ఆయనకు మేలు చేసింది, మంచి గురువు మేలు చేశాడు, చదువు ఖర్చు మాత్రం కామన్వెల్త్ స్కాలర్‌షిప్ భరించింది. మీరు ఎకరం అమ్ముతున్నారు కాబట్టి ఈ చివరి మాటను తేలికగా తీసుకోకండి.

లెక్క కూడా చూద్దాం. ఇంగ్లండులో విదేశీ విద్యార్థికి ఈ ఎం.ఏ. ఫీజు ఒక్కటే మన డబ్బులో చాలాచోట్ల ఇరవై లక్షలు దాటుతుంది. వీసాకోసం తొమ్మిది నెలల జీవన వ్యయం కూడా ఖాతాలో 28 రోజులపాటు నిలవ చూపాలి. చదువయ్యాక అక్కడ ఉండి పని చేసుకునే గడువు ఇంతవరకు రెండేళ్లు ఉండేది, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలకు తగ్గుతుంది. మీ నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ అనుభవంతో దొరికే ఉద్యోగానికి ఈ పట్టా ఏమీ కలపదు. తెలుగు కథలనుంచి అప్పు తీరదు. నేల అమ్మి కొనుక్కున్న ఏడాదిలో ప్రతి బలహీనమైన పేజీ మీకు నాన్నగారి ఎకరంలా కనిపిస్తుంది. ఆ భయంలో ఎవరూ బాగా రాయలేరు. అందుకని ఇప్పుడు వెళ్లవద్దని చెబుతున్నాను. సీటును ఒక ఏడాది వాయిదా వేయడానికి వీలుందేమో ముందు అడగండి, చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకుంటాయి.

ఆ ఏడాదిలో రెండు పనులు చేయండి. మొదటిది, అమెరికాలో ఇదే చదువైన ఎం.ఎఫ్.ఏ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్)కు దరఖాస్తు చేయడం. అది రెండు మూడేళ్ల చదువు. అక్కడ కొన్ని విభాగాలు చేర్చుకున్న ప్రతి విద్యార్థికీ ఫీజు మాఫీ చేసి నెలనెలా భత్యం ఇస్తాయి, బదులుగా కొన్నిచోట్ల డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పాలి. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉన్న మిచెనర్ సెంటర్, కోర్నెల్, బ్రౌన్ విశ్వవిద్యాలయాలు ఇందుకు పేరున్నవి. పోటీ విపరీతం, కోర్నెల్ ఏటా కథకులు నలుగురిని, కవులు నలుగురిని మాత్రమే తీసుకుంటుంది. రాకపోతే నిరాశపడవలసిన పని లేదు, కానీ వస్తే నాన్నగారి నేల నాన్నగారికే ఉంటుంది.

రెండో పనిని నేను మరింత గట్టిగా చెబుతాను. మీ కథలను మీరే ఇంగ్లీషులోకి తెచ్చుకున్నారు కదా. సాహిత్య అనువాదంలో పీజీ చేయడం గురించి ఆలోచించారా? అయోవాలో 1964లో అనువాద వర్క్‌షాపు మొదలైంది, ఈనాడు అక్కడ సాహిత్య అనువాదంలో ఎం.ఎఫ్.ఏ. ఉంది. ఈస్ట్ ఆంగ్లియాలోనూ ఎం.ఏ. ఉంది, జర్మన్ రచయిత డబ్ల్యూ.జి. సెబాల్డ్ 1989లో అక్కడ అనువాద కేంద్రాన్ని స్థాపించారు. క్రియేటివ్ రైటింగ్ తరగతిలో మీ తెలుగు అడ్డంకి అవుతుంది, అనువాద తరగతిలో మీ తెలుగే మీ పెట్టుబడి. నా కథలో పోయిన ఆ ‘నువ్వు’ గురించి రోజంతా మాట్లాడగలిగే మనుషులు ఆ తరగతిలో ఉంటారు. నాకు ఆ రోజుల్లో ఈ మాట చెప్పినవారు ఉంటే నేను అటే వెళ్లి ఉండేదాన్ని.

ప్రశ్న: నేను హనుమకొండలో ఇంగ్లీషు అధ్యాపకుణ్ణి. ఎం.ఏ., నెట్ ఉన్నాయి. సింగరేణి గని కార్మికుల కుటుంబాల గురించి ఇంగ్లీషులో ఒక నవల రాస్తున్నాను. నవల రాసి పీహెచ్.డీ. పొందవచ్చని విన్నాను. నిజమేనా? అది మన దేశంలో చెల్లుతుందా?

సమాధానం: నిజమే, అయితే నవల ఒక్కటే చాలదు. బ్రిటన్‌లో ఈ పీహెచ్.డీ.కి సృజన భాగంతోపాటు దానినుంచే పుట్టిన విమర్శ భాగం కూడా రాయాలి. ఆ రెండో భాగాన్ని తప్పనిసరి తంతుగా భావించేవారి చేతిలో అది ఎండిపోతుంది. మీ విషయానికి వస్తే అది పండే నేల. గని పదాలు, డ్యూటీ సైరన్ చుట్టూ నడిచే ఇంటి దినచర్య, తెలంగాణ నుడికారం ఇంగ్లీషు కథనంలో ఎలా నిలబడతాయన్నది మీరు నవల రాస్తూ రోజూ ఎదుర్కొంటున్న ప్రశ్నే కాబట్టి, దానికి మీరు వెతికిన దారులనే నమోదు చేసి, గనుల మీద వచ్చిన ఇతర నవలలతో కలిపి చర్చిస్తే అది మంచి పరిశోధన అవుతుంది. పూర్తికాలమైతే మూడేళ్లు, పార్ట్‌టైమ్ అయితే సుమారు ఆరేళ్లు.

ఉద్యోగం విషయంలో మీకు కంగారు అక్కరలేదు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం సహాయ ఆచార్యుడి పదవికి కావలసిన ఎం.ఏ., నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) మీకు ఇప్పటికే ఉన్నాయి. ఆ నిబంధనలే, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న విదేశీ విశ్వవిద్యాలయంనుంచి వచ్చిన పీహెచ్.డీ.ని కూడా అర్హతగా గుర్తిస్తాయి. అయినా క్రియేటివ్ రైటింగ్ పట్టాను ఇంగ్లీషు పట్టాగా పరిగణిస్తారా లేదా అన్నది మీ నియామక సంస్థనుంచి కాగితం మీద తెలుసుకున్నాకే చేరండి. మరొక మాట: 2024 జనవరినుంచి బ్రిటన్‌లో సాధారణ ఎం.ఏ.లో చేరే విదేశీ విద్యార్థులు భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్లడానికి వీల్లేదు, పరిశోధన విద్యార్థులకు ఆ వీలు మిగిలింది.

ప్రశ్న: అమ్మా, నాకు 38 ఏళ్లు. అనంతపురంలో ఉంటాను. ఇద్దరు పిల్లలు. ఎక్కడికీ వెళ్లి చదివే వీలు లేదు. కథలు పంపితే ‘ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం’ అని తిరిగి వస్తాయి, ఎందుకో ఎవరూ చెప్పరు. ఇంట్లో ఉండి నేర్చుకునే దారి ఉందా?

సమాధానం: ఎందుకో ఎవరూ చెప్పరన్న మీ మాట నన్ను చాలాసేపు పట్టి నిలిపింది. పీజీ చదువులో విద్యార్థి డబ్బు పెట్టి కొనుక్కునేది ప్రధానంగా ఆ ‘ఎందుకో’నే. తెలుగు ఎం.ఏ.లు సాహిత్య చరిత్రనూ వ్యాకరణాన్నీ విమర్శనూ బాగా చెబుతాయి, మన ముందు పెట్టిన చిత్తుప్రతిని దిద్దడం వాటి ప్రధాన పని కాదు. స్పానిష్‌లో రాసేవారికి అమెరికాలోనే, అయోవాలోనే, ప్రత్యేక ఎం.ఎఫ్.ఏ. ఉండగా తెలుగులో రాసేవారికి తెలుగునేల మీద అలాంటి బల్ల దొరకకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

దూరవిద్యలో ఇగ్నో ఇంగ్లీషు సృజన రచనలో డిప్లొమా నడుపుతోంది, మీరు ఇంగ్లీషులో కూడా రాయగలిగితే చూడవచ్చు. ముప్పై ఏళ్లలోపువారికి కొత్త రచయితలకు శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ‘యువ’ పథకం ఉంది గానీ అది మీకు వర్తించదు. పుస్తకాల్లో వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి ‘కథాశిల్పం’తో మొదలుపెట్టండి. దానితోపాటు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం వెబ్‌సైట్‌లో పాత పత్రికల కథలెన్నో స్కాన్ చేసి ఉన్నాయి. వాటిలో మీకు నచ్చిన ఒక కథను ఎంచుకుని చేత్తో మొత్తం ఎత్తి రాయండి. వేగంగా చదివినప్పుడు జారిపోయే నిర్ణయాలు, అంటే ఒక పాత్ర పేరు ఎప్పుడు మొదట వచ్చింది, పేరా ఎందుకు అక్కడ తెగింది అన్నవి, ఎత్తి రాసేటప్పుడు చేతికి తగులుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది బల్ల. మీతో కలిపి ఐదుగురు చాలు, అందరూ స్త్రీలే కానక్కరలేదు, అందరూ రచయితలే అయి ఉండనక్కరలేదు, చదివే అలవాటు ఉంటే చాలు. నెలకు రెండుసార్లు, పిల్లలు బడిలో ఉన్న వేళ కలవండి. కథ నకలు వారం ముందే అందరికీ చేరాలి. ఒక్కొక్కరూ తమకు ఎక్కడ ఆసక్తి పోయిందో, ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివారో ఆ చోటు పక్కన గీత గీసి రావాలి. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలు నిషేధించండి. కలిసిన రోజు ముందుగా కథ రాసినవారు తమ గొంతుతో, తమ ఊరి యాసలోనే మొదటి రెండు పేజీలు చదవాలి. ఇంగ్లండు వర్క్‌షాపులో నాకు దొరకనిది ఇదే. చదువుతున్నప్పుడు నాలుక ఎక్కడ తడబడుతుందో అక్కడ వాక్యం మీది కాదు, పత్రికల్లో చదివి అరువు తెచ్చుకున్నదని అర్థం. తరువాత కథ రాసినవారు రెండే ప్రశ్నలు అడిగి ఊరుకోవాలి, మిగతావారు మాట్లాడాలి. ఆ కథ రెండో ప్రతి తెచ్చేదాకా వారు కొత్త కథ తీసుకురాకూడదు. ఈ చివరి నియమం కష్టమైనది, మొదటి మూడు నెలల్లో ఎవరో ఒకరు దీనిమీదే అలిగి మానేస్తారు. అయినా సడలించకండి, ఎందుకంటే తిరగరాయడం ఎవరికైనా ఆ పట్టుదలలోనే అబ్బుతుంది.

తిరిగివచ్చిన మీ కథల్లో మీకు ఎక్కువ ఇష్టమైనదాన్ని మొదటి సమావేశానికి తీసుకువెళ్లండి. ఐదుగురు దొరకడం కష్టమైతే మా కార్యాలయానికి ఒక కార్డు రాయండి. ఈ రెండేళ్లలో అనంతపురం, ధర్మవరం, హిందూపురం ప్రాంతాలనుంచి మాకు కథలు పంపినవారిని అడిగి, సమ్మతించినవారి చిరునామాలు మీకు పంపుతాం.